దానంతటదే నడిచే బండి

మా ఇంట్లో ఓ వెట్ గ్రైండరు వుంది. నా పెళ్ళయిన కొత్తలో కొన్నది. రెండు మూడేళ్ళకోసారి దానికి తిక్క రేగుతుంది. స్విచ్చి వేస్తే మోటారు గుంయ్‌మంటుంది గానీ రాయి తిరగదు. నానిన మినప్పప్పు అలా చూస్తూ వుండిపోతుంది. మావారు పేపర్లోంచి తల ఎత్తకుండానే "పాతబడిపోయింది, కొత్తది కొనేద్దాం" అంటారు. నేను గ్రైండర్ని పక్కకి వంచి, అడుగు చూసి, "బెల్టు సాగిందండీ" అంటాను. కొత్త బెల్టు తెచ్చి వేస్తే మళ్ళీ రెండేళ్ళు బెంగ వుండదు.

నాకు తెలిసిన యంత్రశాస్త్రం అంతా ఇంతే. చదివింది బి.ఏ. రాసేది నవలలు. నా నవలల్లో కథానాయకుడి కారు ఆగిపోయిందంటే వెంటనే వాన కురిపించి, దగ్గర్లో ఓ పాత బంగళా, అందులో ఓ దీపం చూపించి గండం గట్టెక్కేదాన్నే తప్ప, అసలు ఆ కారు ఎందుకు ఆగిందో ఇంతవరకూ ఒక్క పాఠకురాలికీ చెప్పిన పాపాన పోలేదు. చెప్పడం చేతకాక!

అలాంటి నేను, కిందటి సెప్టెంబరులో, అమెరికాలో ఓ ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కింద వెల్లకిలా పడుకుని, మొహమ్మీద నూనె చుక్క పడితే "ఎర్రగా వుందే, ఎర్రగా వుంది!" అని కేకలు పెట్టానంటే మీరు నమ్ముతారా? మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

మా చెల్లెలు కొలరాడో రాష్ట్రంలో, డెన్వరు పక్కన వుంటుంది. ఆస్పత్రిలో నర్సు. మా మరిది పోయి అప్పటికి పధ్నాలుగు నెలలు. మనిషికి యాభై కూడా నిండలేదు. పోయినప్పుడు వెళ్ళలేకపోయాను. అందుకే కాస్త వీలు చిక్కగానే నెలరోజులు వుందామని వెళ్ళాను.

ఆ బండి మా మరిదిది. కొడుకు పుట్టకముందు ఎవరి దగ్గరో పాతదే కొన్నాట్ట. నాలుగు గేర్ల ఆటోమేటిక్. అక్కడ మంచు పడితే నాలుగు చక్రాలూ లాగే బండి వుంటే ఎంతో నిశ్చింత. మా చెల్లెలికి వారంలో మూడు రాత్రులు డ్యూటీ. అక్టోబరు వచ్చిందంటే ఎప్పుడు మంచు పడుతుందో చెప్పలేం.

ఓ ఆదివారం, కొండల మీద ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపు పచ్చగా మారాయి చూద్దువుగాని రమ్మని బయలుదేరదీసింది. డెన్వరు నుంచి పడమటికి 70వ నంబరు రహదారి. అది ఎక్కి ఎక్కి పదకొండువేల అడుగుల ఎత్తున ఐజెన్‌హోవర్ సొరంగంలోకి దూరుతుంది. జార్జ్‌టౌన్ అనే ఊరు దాటగానే ఓ నిటారు ఎక్కుడు వుంది. అక్కడ, చెప్పొద్దూ, ఇంజను ఒక్కసారిగా గొంతు పెంచింది. ముల్లు రెండున్నర వేల దగ్గర్నుంచి నాలుగు వేలకి లేచింది. వేగం మాత్రం అరవై మైళ్ళ నుంచి యాభై, నలభై... వెనకాల లారీల హారన్లు. మా చెల్లెలి వేళ్ళు స్టీరింగు మీద తెల్లబడిపోయాయి. నాకేమో ఆ క్షణంలో మా గ్రైండరే జ్ఞాపకం వచ్చింది. మోటారు మోగుతోంది, రాయి తిరగటం లేదు!

అది ఇంకా తొక్కలేదు. కాలు తీసేసి, పక్క వరసలోకి జరిగి, వచ్చిన మొదటి దారిలోనే దింపి, మెల్లిగా వెనక్కి తిప్పింది.

మర్నాడు ఓ గ్యారేజీలో చూపించాం. పేరెందుకు లెండి. ఆ అబ్బాయి పది నిమిషాలు నడిపి చూసి, "ట్రాన్స్‌మిషన్ పోయింది. మొత్తం విప్పి మళ్ళీ కట్టాలి. 4,200 డాలర్లు" అన్నాడు. ఆ మాట మన వాళ్ళకి చేరడం ఎంతసేపు! తెనాలి నుంచి అమ్మ, బెంగుళూరు నుంచి పెద్దన్నయ్య, న్యూజెర్సీ నుంచి వాళ్ళ ఆడపడుచు, అందరిదీ ఒకటే మాట - "ఆ పాత ఇనుము అమ్మిపారెయ్". కాలేజీలో చేరిన కొడుకు ఫీజు కట్టాక, కొత్త బండి మాట అటుంచి, ఈ మరమ్మత్తుకి కూడా దాని దగ్గర డబ్బు లేదు.

డబ్బు సంగతి అందరికీ తెలుసు. అసలు సంగతి ఆ రాత్రి వంటింట్లో నాకొక్కదానికే చెప్పింది. "అక్కా, ఆయన ఇరవై ఏళ్ళు నడిపారు. ఒక్కనాడు దారిలో ఆగలేదు. నేను ఏడాదిలో పాడుచేశాను."

దీనికి ఏం సమాధానం చెప్పను? నా నవల్లో అయితే ఓ పేజీ రాసేదాన్ని. అక్కడ ఏమీ తోచక, "అసలు ఆటోమేటిక్ అంటే ఏమిటే?" అని అడిగాను. "అంటే... దానంతటదే గేర్లు మార్చుకుంటుంది" అంది. "దానంతటదే అంటే ఎలా?" అన్నాను. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. సరే, పొద్దున్నే బండిలో వున్న పుస్తకం తెచ్చి చదువుదాం అనుకున్నాం. పరీక్షలకి చదివినట్టు చదివాం. చాలక ఇంకా నాలుగు చోట్ల చదివాం.

నాకు అర్థమయినంతవరకూ చెబుతాను వినండి. ఎదురెదురుగా రెండు టేబుల్ ఫాన్లు పెట్టి, ఒకదానికి కరెంటు ఇస్తే దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా? ఇంజనుకీ గేరుపెట్టెకీ మధ్య సరిగ్గా అలాంటి రెండు చక్రాలు వుంటాయి. వాటి మధ్య గాలికి బదులు నూనె. ఆ తరువాత గేరుపెట్టెలో క్లచ్చి పలకలు. అప్పడాలు అంటుకోకుండా మధ్య మధ్య కాగితాలు వేసి దొంతర పెడతామే, అలా ఒక ఉక్కు పలక, ఒక గరుకు పలక వరసగా వుంటాయి. నూనె ఒత్తిడి వచ్చి ఆ దొంతరని నొక్కితే అన్నీ ఒకటై తిరుగుతాయి, బండి లాగుతుంది. నూనె తగ్గితే పంపు గాలి పీల్చి నురగ కడుతుంది. నురగకి నొక్కే బలం ఏదీ? పలకలు ఒకదాని మీద ఒకటి జారతాయి. ఇంజను అరుస్తుంది, చక్రం కదలదు. ఎత్తుకి ఎక్కేటప్పుడు నూనె వెనక్కి ఒరుగుతుంది, బరువూ ఎక్కువే, కనక అప్పుడే బయటపడుతుంది.

అంటే క్లచ్చి పెడలు పోయిందన్న మాటే గానీ క్లచ్చి ఎక్కడికీ పోలేదు. మన కాలు చేసే పని నూనె చేస్తోంది, అంతే. 1940 మోడలు ఓల్డ్‌స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ అనే పేరుతో ఇలాంటి గేరుపెట్టె మొదటిసారి పెద్ద ఎత్తున అమ్మకానికి వచ్చిందట. ఇంకో చిత్రం - 1970ల మొదలు దాకా ఈ నూనెలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారట, పలకలు గబుక్కున పట్టెయ్యకుండా మెత్తగా పట్టడానికి. సముద్రం అడుగున ఈదే ప్రాణి నూనెతో కొండ ఎక్కారన్న మాట!

ఇంత చదివాక ధైర్యం వచ్చి బానెట్టు ఎత్తాం. నూనె కొలిచే పుల్ల లాగాం. నల్లగా వుంది. "మాడిపోయిందక్కా!" అని చెల్లెలు ఏడుపు మొహం పెట్టింది. తీరా చూస్తే అది ఇంజను ఆయిలు పుల్ల. గేరుపెట్టెది వేరే, వెనక్కి, లోపలికి వుంది. అది లాగితే నూనె గీత దాకా వుంది. "నిండుగానే వుందే! అయితే గ్యారేజీ అబ్బాయి చెప్పింది నిజమే" అని ఇద్దరం నీరసపడిపోయాం.

అప్పుడు పక్కింటి తాతగారు కంచె మీదనుంచి తొంగి చూశారు. మేం పెట్టుకున్న పేరే అది. డెబ్భై దాటిన మనిషి. సైన్యంలో బళ్ళు బాగుచేసి రిటైరయ్యారు. "ఇంజను ఆపి కొలిచారా?" అని అడిగారు. అవునన్నాం. "మీ బట్టలు బాగా వేడెక్కాయా అని ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి చూస్తారా?" అన్నట్టు నవ్వారు. ఇంజను ఆపితే పైనున్న నూనె అంతా కిందకి దిగి, లేని నూనె వున్నట్టు కనిపిస్తుందట. చదును నేల మీద, బండి బాగా వేడెక్కాక, ఇంజను నడుస్తూ వుండగానే, బ్రేకు తొక్కిపట్టి గేర్లన్నీ ఒకసారి తిప్పి, పుస్తకం చెప్పిన గేరులో పెట్టి కొలవాలి. కొన్నిట్లో పార్కు, కొన్నిట్లో న్యూట్రలు. (ఇప్పటి కొత్త బళ్ళు చాలావాటికి ఈ పుల్లే వుండదు. వాటిని గ్యారేజీ వాళ్ళే, అడుగున బిరడా తీసి, నూనె ఎంత వేడిగా వుందో చూసుకుని కొలవాలి.)

అలాగే కొలిచాం. పుల్ల ఎండిపోయి వచ్చింది.

పుల్ల చివరన వున్న ఓ చుక్కని ఆయన తెల్లకాగితం మీద రాశారు. కొత్త నూనె పారాణిలా ఎర్రగా వుంటుంది. మాది పాత పారాణిలా కాస్త గోధుమ చాయకి తిరిగింది. "వాసన చూడండి" అన్నారు. మాడిన రొట్టె వాసన వస్తే పలకలు కాలినట్టే. నూనె వాసనే తప్ప మాడు వాసన లేదు. వంటింట్లో ఇరవై ఏళ్ళు గడిపిన ముక్కులండీ మావి, అందులో పొరపాటు వుండదు!

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలన్నారు. ఫోర్‌వీల్ బండికి గేరుపెట్టె వెనకాల ఇంకో చిన్న పెట్టె వుంటుంది, శక్తిని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచడానికి. దాని లివరు సరిగ్గా కూర్చోక జారినా జనం గేరుపెట్టెనే తిడతారట. రెండు చక్రాల్లో నడిపినా, రోడ్డు తడిగా వున్న చోట నాలుగు చక్రాల్లో నడిపినా ఒకేలా జారింది. మధ్య సీలు పాడయితే ఈ నూనె ఆ పెట్టెలోకి పోతుందట. దాని బిరడా విప్పి చూశారు. అక్కడ ఎంత వుండాలో అంతే వుంది.

"ఇంజనయితే నూనె తాగుతుంది గానీ గేరుపెట్టె తాగదు. తగ్గిందంటే ఎక్కడికో కారిపోతోందన్న మాట. ఇంతకు ముందు ఎప్పుడు పోశారు?" అని అడిగారు తాతగారు. మా చెల్లెలు తల దించుకుంది. "అవన్నీ ఆయనే చూసుకునేవారు."

బిల్లులేమైనా దొరుకుతాయేమోనని ముందు సీటు ఎదురు అర వెతికాను. బీమా కాగితాలు, పాత దిశల పటాలు, ఎండిపోయిన ఓ వక్కపొడి పొట్లం. వాటి అడుగున చిన్న నోటుపుస్తకం. మా మరిది చేతిరాత. పెట్రోలు, టైర్లు, బ్రేకులు, అన్నీ తేదీల వారీగా వున్నాయి. చివరి పేజీల్లో మూణ్ణెల్లకోసారి ఒకటే పంక్తి: "గేరు ఆయిలు అర క్వార్టు పోశాను." క్వార్టంటే మన లీటరుకి కాస్త తక్కువ. ఒకచోట పక్కన, "రేడియేటరు లైను చెమ్మగిల్లుతోంది. వీలు చూసి మార్చాలి."

ఆ వీలు ఆయనకి రాలేదు. చివరి పంక్తి ఆయన పోవడానికి నెల ముందుది.

మా చెల్లెలు ఆ పేజీ చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, కోపం వచ్చింది. "నాకు ఒక్క ముక్క చెప్పలేదు చూశావా అక్కా! ఏడాదిగా నేనేదో పాపం చేశానని కుమిలిపోతున్నాను. మూణ్ణెల్లకోసారి పోస్తున్నాను సుమా అని ఒక్క మాట! నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అంటూ పుస్తకాన్ని బానెట్టు మీద గట్టిగా కొట్టింది. మళ్ళీ తీసి దుమ్ము తుడిచి గుండెకి అదుముకుంది. తాతగారు తెలుగు రాకపోయినా అర్థమయినట్టు, తన పనిముట్లేవో వెతుక్కునే నెపంతో షెడ్డులోకి వెళ్ళిపోయారు.

మూణ్ణెల్లకి అర క్వార్టు చొప్పున పధ్నాలుగు నెలలకి లెక్క కట్టండి. రెండు క్వార్టుల పైమాట. పుల్ల గొట్టంలో పొడుగాటి గరాటు పెట్టి, కాస్త పోసి కొలిచి, మళ్ళీ కాస్త పోసి కొలిచి, గీత దగ్గరికి తెచ్చేసరికి పట్టింది కూడా అంతే. (ఎక్కువ పోసినా నురగే. "ఇంకొంచెం వేసుకోండి" అనే మన అలవాటు ఇక్కడ పనికిరాదు.) కాసేపు నడిపి తెచ్చి, రాత్రి బండి కింద అట్ట పరిచాం. పొద్దున చూస్తే ముందువైపు నాలుగు ఎర్రచుక్కలు. నూనె చల్లబడటానికి రేడియేటరు దాకా వెళ్ళి వచ్చే గొట్టాలు వుంటాయి. వాటిలో రబ్బరు ముక్క, క్లాంపు దగ్గర పగిలింది. నేను బండి కిందకి దూరింది అప్పుడే. బండిని ర్యాంపుల మీదకి ఎక్కించి, చక్రాలకి అడ్డాలు పెట్టాకే లెండి. జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి ఎప్పుడూ దూరకూడదని ఆయన నాచేత వల్లె వేయించారు.

అసలు భయం మర్నాడు. గొట్టం మార్చాక, గేరుపెట్టె అడుగున వున్న పళ్ళెం దింపి, లోపలి జల్లెడ మార్చాలి. ఆ పళ్ళెంలో ఓ అయస్కాంతం వుంటుంది. దానిమీద కాటుకలాంటి మెత్తని ముద్ద వుంటే మామూలు అరుగుదల. మెరిసే పెచ్చులు, రజను వుంటే గ్యారేజీ అబ్బాయి మాటే ఖాయం. చెల్లెలే దాన్ని చేతిలోకి తీసుకుంది. వేలితో రాసింది. "కాటుకే అక్కా" అంది. దాని మొహంలో ఆ వెలుగు నేను పధ్నాలుగు నెలలుగా ఫోనులో కూడా చూడలేదు.

ఆ బండికి రాసిపెట్టిన రకం నూనే పోశాం. ఏదో ఒకటి పోస్తే ఒప్పుకోదు. అయినా మూడో గేరు పడేటప్పుడు ఇంజను కాస్త ఎగిరిపడుతూనే వుంది. మన కాలు ఎంత గట్టిగా తొక్కుతోందో గేరుపెట్టెకి చేరవేసే తీగ ఒకటి వుంటుంది ఆ కాలం బళ్ళకి. అది వదులయితే నూనె ఒత్తిడి చాలదు. పుస్తకం చూసి ఆ తీగ బిగించారు. ఎగిరిపాటు ఆగింది. మొత్తం ఖర్చు 118 డాలర్లు. కూలి ఇవ్వబోతే తాతగారు పుచ్చుకోలేదు. పులిహోర చేసి పంపితే మాత్రం గిన్నె కడిగి తిరిగిచ్చారు.

ఆయన అబద్ధం చెప్పలేదు. "నూనె లేక జారిన ప్రతిసారీ పలకలు కాస్త అరిగే వుంటాయి. ఏడాది నడుస్తుందో, అయిదేళ్ళు నడుస్తుందో నేను చెప్పలేను. కానీ ఒకటి. ఆ రోజు కొండమీద ఇంకో అయిదు మైళ్ళు అలాగే తొక్కివుంటే కాలిపోయేవి. మీరు దింపేశారు కనకే మిగిలాయి" అన్నారు మా చెల్లెలితో. అది ఏమీ అనలేదు. ఆ రాత్రి మాత్రం హాయిగా నిద్రపోయింది.

తరువాతి ఆదివారం మళ్ళీ అదే ఎక్కుడు ఎక్కాం. ముల్లు కాస్త లేచింది, గేరు పడింది, బండి కొండని పట్టుకుంది. ఆకులు సగం రాలిపోయాయి గానీ మిగిలిన సగమే మాకు చాలా అనిపించింది. దిగివచ్చాక చెల్లెలు నోటుపుస్తకం తీసి, ఆయన చివరి పంక్తి కింద తన చేత్తో తేదీ వేసి రాసుకుంది: "గొట్టం, జల్లెడ మార్చాను. కారడం లేదు."

విమానంలో నాకు నిద్ర పట్టలేదు. దానంతటదే నడుస్తోందనుకునే ప్రతిదాని వెనకా ఎవరో ఒకరు మూణ్ణెల్లకోసారి అర క్వార్టు పోస్తూనే వుంటారు. చెప్పకుండా పోస్తారు. మనం చెబుతున్నామా? మా ఇంట్లో గ్యాసు పుస్తకం ఎక్కడుంటుందో, పాలవాడి లెక్కేమిటో, అత్తగారి బి.పి. మాత్రలు ఏ వారం అయిపోతాయో మావారికి తెలీదు. ఆయన కట్టే బీమా ఎన్నో, బ్యాంకు కాగితాలు ఏ బీరువాలో వున్నాయో నాకూ తెలీదు. ఇల్లు మాత్రం దానంతటదే నడుస్తోందని ఇద్దరం ధీమాగా వున్నాం.

ఇంటికి రాగానే రెండు నోటుపుస్తకాలు కొన్నాను. ఒకటి ఆయనకిచ్చి "మీకు తెలిసినవన్నీ రాయండి" అన్నాను. రెండోది నేను నింపి, మొన్న ఆయన చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివారు. మొదటి పేజీ దగ్గరే ఆగిపోయి, తల ఎత్తి అడిగారు:

"గ్రైండరు బెల్టు రెండేళ్ళకోసారి మార్చాలి అని రాశావ్. ఔనుగానీ, గ్రైండరుకి బెల్టు వుంటుందా?"